సైగల్లో దాచుకున్న ఊరు

2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా బాసరకు ఒక యువతి వచ్చింది. అమ్మవారి దర్శనానికో, పిల్లల అక్షరాభ్యాసానికో వచ్చిన జనంలో ఆమె లేదు. తన ఊరు వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకు వినపడదు, మాట రాదు. ఊరి పేరు చెప్పలేదు, జిల్లా చెప్పలేదు, కన్నవాళ్ల పేర్లు చెప్పలేదు. ఆమె దగ్గర ఉన్న ఆనవాళ్లు కొన్నే. ఇంటికి దగ్గర్లో నది, పక్కన గుడి, ఆ చాయల్లోనే రైల్వే స్టేషను. గోదావరి, సరస్వతి ఆలయం, స్టేషను మూడూ ఉన్న చోటు కనుక ఆమెను వెంటబెట్టుకుని తిరుగుతున్నవాళ్లు బాసరలోనూ ఆగి చూశారు. ఈ ఊరు ఆమెది కాదని తేలింది. వెతుకులాట ఆగలేదు.

ఆమె పేరు గీత. పదేళ్ల కిందట పత్రికలు చదివిన వారెవరికైనా గుర్తుండే పేరే. పాకిస్తాన్ నుంచి వచ్చిన అమ్మాయిగా దేశమంతా ఆమెను చూసింది. విమానాశ్రయంలో పూలగుత్తులు, కెమెరాలు, మంత్రుల పలకరింపులు అన్నీ అయ్యాయి. అయితే ఆమె తల్లి ఆచూకీ దొరికింది ఆ వెలుగులో కాదు, అదంతా సద్దుమణిగిన ఐదారేళ్లకు. ఎలా దొరికిందన్నదే మనం నిదానంగా తెలుసుకోవలసిన సంగతి. మాట లేని మనిషి తప్పిపోతే ఇల్లు చేరడానికి ఏం కావాలో ఆమె కథ చెప్పినంత వివరంగా మరేదీ చెప్పలేదు.

2000 దశకం తొలినాళ్లలో లాహోర్ స్టేషనులో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ ఆగింది. ప్రయాణికులంతా దిగిపోయాక ఒక చిన్నపిల్ల ఒంటరిగా కూర్చుని పాకిస్తాన్ రేంజర్ల కంటపడింది. 1976లో రెండు దేశాల మధ్య మొదలైన రైలది. పాస్‌పోర్టు, వీసా లేనిదే ఎక్కడానికి వీల్లేని ఆ బండిలోకి పిల్ల ఎలా వచ్చిందో ఎవరికీ అంతుపట్టలేదు. పేరేమిటని అడిగారు. జవాబు లేదు. ఆ పిల్లకు ప్రశ్నే చేరలేదు.

ఎవరికీ చెందని పిల్లల్ని ఆ దేశంలో ఎక్కడికి పంపుతారో అక్కడికే ఆమెనూ పంపారు. అది ఈధీ ఫౌండేషన్. ఇప్పటి గుజరాత్‌లోని బాంట్వాలో పుట్టి, దేశ విభజనతో కరాచీకి తరలివెళ్లిన అబ్దుల్ సత్తార్ ఈధీ పెట్టిన సంస్థ. పిల్లల్ని చంపొద్దు, ఉయ్యాల్లో వేసి వెళ్లండని తన కేంద్రాల ముందు ఊయలలు పెట్టించిన మనిషి ఆయన. భార్య బిల్కిస్ ఈధీ వేలమంది అనాథలకు తల్లి అయింది. లాహోర్ నుంచి కరాచీ చేరిన ఈ పిల్లకు మొదట ఫాతిమా అని పేరు పెట్టారు. ఆ పిల్ల చేతులు జోడించి దండం పెట్టే తీరు చూసి, హిందువుల బిడ్డని గ్రహించి, గీత అని మార్చారు. పూజకు ఒక మూల ఇచ్చారు. అందులో దేవుళ్ల పటాలు పెట్టుకోనిచ్చారు. తమ ఇంట్లో పెరిగే బిడ్డ తమలాగే ఉండాలని పట్టుబట్టలేదు. ఆ పిల్ల వెంట తెచ్చుకున్నది ఆ ఒక్క అలవాటే. దాన్ని పోనివ్వకుండా కాపాడటం ఆ దంపతులు చేసిన పెద్ద మేలు.

2015 జులైలో బజ్‌రంగీ భాయ్‌జాన్ సినిమా వచ్చింది. మాట రాని పాకిస్తానీ పాప భారత్‌లో తప్పిపోతే ఇంటికి చేర్చే కథ. అటువంటి అమ్మాయి, అటు నుంచి ఇటు కాక ఇటు నుంచి అటు తప్పిపోయినది, నిజంగానే కరాచీలో ఉందని అప్పుడు జనానికి తెలిసింది. విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ మాటపై ఆగస్టులో భారత హైకమిషనర్ రాఘవన్ దంపతులు కరాచీ వెళ్లి గీతను చూసి వచ్చారు. తమ బిడ్డేనంటూ ముందుకొచ్చిన బిహార్ కుటుంబం ఒకటి ఫొటో పంపింది. అందులోని మనుషుల్ని గీత గుర్తుపట్టిందన్నారు. అక్టోబరు 26న ఈధీ కుటుంబం దగ్గరుండి ఆమెను ఢిల్లీకి తెచ్చి అప్పగించింది. భారత ప్రధాని ప్రకటించిన కోటి రూపాయల విరాళాన్ని అబ్దుల్ సత్తార్ ఈధీ కృతజ్ఞతలు చెప్పి వద్దన్నారు. ప్రభుత్వాల దగ్గర డబ్బు తీసుకోకపోవడం ఆయన ఎప్పటినుంచో పెట్టుకున్న నియమం.

ఢిల్లీలో ఆ కుటుంబాన్ని ఎదురుగా చూసిన గీత, వీళ్లు మావాళ్లు కారన్నట్టు తల తిప్పేసింది. డీఎన్‌ఏ పరీక్ష కూడా అదే చెప్పింది. ఫొటోలోని ముఖం, ఎదుట నిలబడ్డ ముఖం ఒకటి కాలేదు. కథ సుఖాంతమైందని చప్పట్లు కొట్టినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. గీత ఇండోర్‌లోని బధిరుల సంస్థకు వెళ్లింది. అసలు పని అక్కడ మొదలైంది.

తర్వాతి ఏళ్లలో దేశం నలుమూలల నుంచి పదుల సంఖ్యలో దంపతులు గీత మా బిడ్డేనంటూ వచ్చారు. 2017 అక్టోబరులో సుష్మా స్వరాజ్ స్వయంగా వీడియోలో మాట్లాడి, కన్నవారి ఆచూకీ చెప్పినవారికి లక్ష రూపాయల బహుమతి ప్రకటించారు. డీఎన్‌ఏ ఎవరితోనూ కలవలేదు. ఇందులో కొందరు ఆశపడి వచ్చారేమోనని అనుమానించడం సులువు. అయితే వాళ్లలో ఎంతోమంది మోసుకొచ్చింది పాత ఫొటో, పోలీసుస్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు కాగితం, ఏళ్ల తరబడి ఆరని కడుపుకోత. మాట రాని ఆడపిల్లను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అంతమంది ఉన్నారన్న సంగతి ఒక్క గీత కోసం వెతికితే బయటపడింది. ఒక్కో జంట కాదని తేలి వెనుదిరిగిన ప్రతిసారీ ఇంకో బిడ్డ ఇంకెక్కడో దొరకకుండా మిగిలే ఉందన్నమాట. ఆ ఇళ్లలో ఏ ఒక్కటీ వార్త కాలేదు. వాళ్ల పిల్లల్ని ఎవరు వెతుకుతున్నారన్న ప్రశ్నా రాలేదు.

గీత తల్లిని వెతికిన తీరులో మెచ్చుకోవలసినది ఓపిక. ఇండోర్‌లో ఆమె సైగల భాష నేర్చుకుంది. సైగల భాషలో నిపుణుడు జ్ఞానేంద్ర పురోహిత్, ఆయన బృందం ఆమెతో గంటల తరబడి కూర్చున్నారు. చిన్ననాటి సంగతులు ఒక్కొక్కటే రాబట్టారు. ఏం పండేది? చెరకు. ఇంకా? వరి, వేరుసెనగ. ఇంటి దగ్గర ఏముంది? నది. గుడి. స్టేషను. పక్కనే కాన్పుల ఆసుపత్రి. ఇవన్నీ ఒక్కరోజులో వచ్చిన జవాబులు కావు. చేతి వేళ్లతో చెరకు గడ చీల్చి నమిలినట్టు చూపిస్తే అది చెరకేనా, మరొకటా అని ఫొటోలు పెట్టి అడిగి రూఢి చేసుకోవాలి. నీళ్లు పారుతున్నట్టు చెయ్యి ఊపితే అది నదా, కాలువా, సముద్రమా అన్నది తేల్చుకోవాలి. తేల్చిన ప్రతి ఆనవాలునూ పటం మీద పెట్టి, ఇవన్నీ కలిసే ఊళ్లు ఏవని వెతకాలి. వరి, చెరకు, వేరుసెనగ మూడూ పండి, నది పక్కన గుడి, గుడికి దగ్గర్లో స్టేషను ఉన్న చోట్లు ఈ దేశంలో కోకొల్లలు. ఆ వడపోతలో వాళ్లు చివరికి గోదావరి తీరానికి, అటు మరాఠ్వాడాకు, ఇటు తెలంగాణ సరిహద్దుకు చేరారు. నాందేడ్, బాసర, పర్భణీ అలా వచ్చిన పేర్లు. నాందేడ్, పర్భణీల మీదుగా అమృత్‌సర్‌కు నేరుగా సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ నడుస్తుంది. అమృత్‌సర్‌కు కూతవేటు దూరంలో అటారీ, అక్కడినుంచే అప్పట్లో సంఝౌతా ఎక్స్‌ప్రెస్ నడిచేది. తెలియక ఒక రైలెక్కిన పిల్ల ఇంకో రైలెక్కితే దేశం దాటిపోయే దారి ఒకటి పటం మీద కనిపించింది.

2021 మార్చి నాటికి పర్భణీ జిల్లా మూలాలున్న ఒక తల్లి సంగతి వెలుగులోకి వచ్చింది. తప్పిపోయిన తన బిడ్డ పొట్ట మీద కాలిన మచ్చ ఉంటుందని ఆమె చెప్పింది. గీత ఒంటి మీద ఆ మచ్చ ఉంది. పుట్టినప్పటి పేరు రాధ. పెంచిన తల్లి బిల్కిస్ ఈధీ కరాచీ నుంచి ఈ కబురును తన నోటితో లోకానికి చెప్పి సంతోషించింది. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆమె కన్నుమూసింది. పెంచిన బిడ్డ కన్నతల్లి ఆచూకీ దొరికిందన్న కబురు విన్నాకే వెళ్లింది. గీతను తీసుకురావడానికి పూనుకున్న సుష్మా స్వరాజ్‌కు ఆ కబురు వినే యోగం లేకపోయింది. ఆమె 2019 ఆగస్టులోనే మరణించింది.

ఇన్నేళ్లు ఇంతమంది తెలుసుకోవాలనుకున్న సమాచారం మొదటినుంచీ ఒక్కచోటే ఉంది, గీత దగ్గర. లాహోర్ స్టేషనులో కూర్చున్న రోజునే ఆ చెరకు తోట, ఆ గుడి, ఆ నది ఆమె కళ్లలో ఉన్నాయి. చెప్పడానికి ఆమె సిద్ధంగానే ఉంది. చదవగలిగినవాళ్లు ఎదురయ్యేసరికి ఆమె చిన్నతనం మొత్తం గడిచిపోయింది. మాట రానివారి దగ్గర చెప్పడానికేమీ ఉండదని మనకు తెలియకుండానే ఒక నమ్మకం పాతుకుపోయింది. దానివల్ల ఒక మనిషికి ఎంత నష్టం జరుగుతుందో లెక్కవేయాలంటే గీత పోగొట్టుకున్న ఏళ్లు చూస్తే చాలు.

వినపడని పిల్లల్లో ఎక్కువమంది వినపడే తల్లిదండ్రులకే పుడతారు. ఆ ఇళ్లలో సాధారణంగా ఎవరికీ సైగల భాష రాదు. అయినా ఇల్లన్నాక మాటలు ఆగవు. అన్నానికి రమ్మంటే వేళ్లు నోటి దగ్గరికి వెళతాయి. మీసం మెలేసినట్టు చూపిస్తే తాతయ్య. నుదుట వేలు పెడితే అమ్మ. మెడ దగ్గర చెయ్యి ఆడిస్తే గంట కట్టిన ఆవు. పిలవాలంటే నేల మీద కాలితో తడతారు, లేదా దీపం ఆర్పి వెలిగిస్తారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు ఇటువంటి సైగలు కల్పించుకుంటారనీ, వాటికి ఒక క్రమం కూడా ఉంటుందనీ అమెరికా పరిశోధకురాలు సుసాన్ గోల్డిన్ మెడో దశాబ్దాల పాటు పిల్లల్ని గమనించి చూపారు. ఇంట్లో అమ్మకూ అక్కకూ మాత్రమే తెలిసిన భాష అది. ఆ పిల్ల తప్పిపోయిన క్షణంలో తల్లినే కాదు, తన మాట తెలిసిన మనుషులందరినీ ఒకేసారి పోగొట్టుకుంటుంది. మాటలు వచ్చిన పిల్ల తప్పిపోతే ఏదో ఒక ఊళ్లో తన భాష వచ్చినవారు తగులుతారు. ఈ పిల్లకు ఆ అవకాశమూ లేదు.

జాతరలో, పుష్కరాల్లో, పెద్ద స్టేషనులో తప్పిపోయినవారి కోసం మనం చేసిన ఏర్పాట్లు చూడండి. అన్నీ మాట మీద, చెవి మీద నడిచేవే. మైకులో పిలుస్తాం. ఆ పిల్లకు వినపడదు. పోలీసు వంగి ప్రేమగానే అడుగుతాడు, పేరేంటి, నాన్న పేరేంటి, ఏ ఊరు అని. జవాబు రాకపోతే రిజిస్టరులో మూడు గళ్లూ ఖాళీగా ఉండిపోతాయి. అక్కడినుంచి బాలల సంరక్షణ కేంద్రం, అక్కడినుంచి ఇంకో కేంద్రం. ఒక్కో మజిలీలో ఒక్కో కొత్త పేరు, ఊహించి రాసిన ఒక్కో వయసు. కొన్నేళ్లకు ఆ కాగితాల మీది మనిషికీ, ఇంట్లో వెతుకుతున్న ఫొటోలోని మనిషికీ పోలిక పోతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. అందరూ తమ పని చేస్తూనే ఉన్నారు. అడగవలసిన తీరులో అడగడం ఒక్కటే జరగలేదు.

తీరు మారితే ఫలితం మారుతుందనడానికి మన దగ్గరే నిదర్శనం ఉంది. 2015 జులైలో ఉత్తరప్రదేశ్‌లోని ప్రయాగరాజ్ ప్రాంతం నుంచి ఆటిజం ఉన్న ఒక బాలుడు తప్పిపోయాడు. ఎలాగో అస్సాం చేరి, గోల్పారాలోని పిల్లల సంరక్షణ కేంద్రంలో ఉండిపోయాడు. తనెవరో చెప్పలేడు. తప్పిపోయిన పిల్లల ఫొటోలనూ, సంరక్షణ కేంద్రాల్లో ఉన్న పిల్లల ఫొటోలనూ ముఖ కవళికలతో పోల్చి చూసేందుకు తెలంగాణ పోలీసులు 2018లో దర్పణ్ అనే ఉపకరణం తయారుచేసుకున్నారు. 2019 అక్టోబరులో అది ఈ రెండు ఫొటోలనూ కలిపింది. ఒక రాష్ట్రం బిడ్డ, ఇంకో రాష్ట్రంలో దొరికితే, పోలిక పట్టింది హైదరాబాద్. ఆ పిల్లవాడికి తెలుగు గడ్డతో ఏ సంబంధమూ లేదు. మన పోలీసులకు అతని మీద ఏ కేసూ లేదు. వాళ్లు పట్టించుకున్నారు కనుక ఒక తల్లికి బిడ్డ దక్కాడు.

ఆధార్ కూడా ఇలాంటి మేలు చాలాసార్లు చేసింది. మతి స్థిమితం లేని యువకుణ్నో, మాట రాని బాలుణ్నో ఆశ్రమంవారు ఆధార్ నమోదుకు తీసుకెళితే, వేలిముద్రలు పెట్టగానే ఇదివరకే నమోదైనట్టు యంత్రం తిరస్కరించడం, ఆ పాత నమోదు వెంట వెళితే కన్నవాళ్ల ఇల్లు దొరకడం పలుమార్లు జరిగింది. కాకపోతే ఇది జరగాలంటే తప్పిపోకముందే బిడ్డ వేలిముద్రలు నమోదై ఉండాలి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. ఐదు నిండాక ఒకసారి, పదిహేను నిండాక మరోసారి నవీకరించాలి. మన ఇళ్లలో దివ్యాంగులైన పిల్లల విషయంలోనే ఈ పని వెనకబడుతోంది. కుదురుగా కూర్చోడనో, చెయ్యి చాపడనో, బడికి వెళ్లడు కదా ఎందుకులే అనో వాయిదా వేస్తారు. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం కోసం పడే తిప్పలకే ఓపిక అయిపోతుంది కూడా. నిజానికి అందరి కన్నా ముందు నమోదు కావలసినది ఆ బిడ్డే. వేళ్లు, కళ్లు సరిగా నమోదు చేయలేని వారికి మినహాయింపుతో నమోదు చేసే వీలు నిబంధనల్లోనే ఉంది.

తప్పిపోవడమంటే పిల్లలే అనుకోకూడదు. మానసిక అనారోగ్యం కూడా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటి. దారితప్పి రోడ్ల మీద తిరిగే అటువంటివారిని తీసుకొచ్చి, వైద్యం చేసి, ఊరు చెప్పగలిగే స్థితికి వచ్చాక ఇంటికి చేర్చే పనికి ముంబయి మానసిక వైద్యుడు డాక్టర్ భరత్ వాట్వానీ, ఆయన భార్య డాక్టర్ స్మిత జీవితాలు ధారపోశారు. 1988లో వాళ్లు పెట్టిన శ్రద్ధా పునరావాస సంస్థ వేలమందిని ఇళ్లకు చేర్చింది. 2018లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఈ పనికి నాంది పలికిన మనిషి తెలుగువాడు. ముంబయి వీధిలో ఒక యువకుడు కొబ్బరి చిప్పతో మురుగునీరు తోడుకుని తాగుతుంటే ఆ దంపతులు చూసి, తమ ఆసుపత్రికి తెచ్చి వైద్యం చేశారు. కోలుకున్నాక చూస్తే అతను ఆంధ్రప్రదేశ్ వాడు, డిగ్రీ చదువుకున్నవాడు, ఉద్యోగస్తుడి కొడుకు. ఇంటివాళ్లు వచ్చి తీసుకెళ్లారు. మనం పిచ్చివాడని పక్కకు తప్పుకుని వెళ్లే ప్రతి మనిషికీ ఎక్కడో ఒక ఇల్లు ఉండే ఉంటుంది, ఆ ఇంట్లో అతని పేరు తలుచుకునేవాళ్లు ఉండే ఉంటారు. ఆ యువకుడి కథ తెలిశాక దీన్ని కాదనడం కష్టం.

ఇక కలిసిన తర్వాతి మాట. సినిమా అక్కడితో ఆగిపోతుంది. జీవితం ఆగదు. గీతకు తల్లి ఆచూకీ దొరికేసరికి తండ్రి లేడు. ఆయన పోయి అప్పటికే కొన్నేళ్లయింది. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. వదిలి వెళ్లిన ఇల్లు వదిలినట్టుగా లేదు. తల్లికి మరాఠీ వచ్చు. కూతురికి ఇండోర్‌లో నేర్చిన సైగల భాష వచ్చు. చిన్నప్పుడు ఇద్దరి మధ్యా నడిచిన సైగలు ఒక చిన్నపిల్ల అవసరాలకు సరిపోయినవి. ముప్పై ఏళ్ల మహిళ తన బతుకు గురించీ, కరాచీలో పెరిగిన ఏళ్ల గురించీ, పెంచిన తల్లి గురించీ చెప్పుకోవాలంటే అవి చాలవు. రక్తసంబంధాన్ని మచ్చ పట్టించింది. ఆ సంబంధం మళ్లీ చిగురించాలంటే తల్లీకూతుళ్లు ఒకరి భాష ఒకరు నేర్చుకోవాలి. దానికి సమయం పడుతుంది, సాయమూ కావాలి. మనవాళ్లను మనం కలిపేశాం, ఇక వాళ్ల తలరాత అని చేతులు దులుపుకుంటే సగం పనే అయినట్టు.

గీత తన వంతు తాను చేస్తోంది. సార్వత్రిక విద్యలో చదివి 2024లో ఎనిమిదో తరగతి పాసైంది. పదో తరగతి రాయాలనీ, ఉద్యోగం చేసి తన కాళ్ల మీద నిలబడాలనీ ఆమె కోరిక. ఇన్నేళ్లూ ఆమెను లోకం ఎవరి కూతురో తేల్చవలసిన మనిషిగానే చూసింది. ఆమెకు మాత్రం తనేం కావాలో తెలుసు. దివ్యాంగుల విషయంలో మనం తరచు మరిచేది ఇదే. అమ్మానాన్నల ఒడి చేరడంతో వాళ్ల కోరికలన్నీ తీరినట్టు అనుకుంటాం. ఇంటితో పాటు చదువు, పని, నలుగురితో మాట్లాడే భాష, తన బతుకు తాను నిర్ణయించుకునే స్వేచ్ఛ అందరికీ కావలసినట్టే వాళ్లకూ కావాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. వినికిడి లోపం ఉన్నవారు 50 లక్షల పైచిలుకు. భారతీయ సంజ్ఞాభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఢిల్లీలో ఏర్పడింది. గీత ఈ గడ్డ మీద అడుగుపెట్టిన సంవత్సరమే అది. 2018లో 3,000 పదాలతో మొదలైన దాని నిఘంటువు తర్వాత 10,000 పదాలకు పెరిగింది. 2020 జాతీయ విద్యా విధానం సంజ్ఞాభాషను దేశమంతటా ఒక తీరుకు తేవాలని చెప్పింది. పునాది పడింది. గోడ లేవవలసింది జిల్లాల్లో, మండలాల్లో, స్టేషన్లలో. జిల్లాకు ఒక్క దుబాసీ అయినా పోలీసుల ఫోనుకు అందుబాటులో ఉంటే, పిల్ల ఎక్కడ దొరికినా వీడియో కాల్‌లో ఆ రాత్రికే మాట్లాడించవచ్చు. ఏళ్లు పట్టిన పని కొన్ని గంటల్లో కాకపోయినా కొన్ని వారాల్లో అవుతుంది. సంరక్షణ కేంద్రంలో చేర్చుకున్న రోజే ఫొటో, ఒంటి మీది పుట్టుమచ్చలు, పచ్చబొట్లు, ఆ పిల్ల గీసే బొమ్మలు, చేసే సైగలు వీడియోగా భద్రపరచడం తప్పనిసరి చేయాలి. నెలలు గడిచేకొద్దీ చిన్నపిల్లల జ్ఞాపకాల మీద కొత్త ఊరి రంగు పడుతుంది. మొదటి రోజు చేసిన సైగే అసలైన ఆనవాలు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. బాసర నుంచి అంతర్వేది దాకా జనం ఘాట్లకు పోటెత్తుతారు. తిరుమల గరుడసేవ రోజున పోలీసులు పిల్లల చేతికి పేరు, ఫోను నంబరు రాసిన పట్టీలు కడుతున్నారు. ఆ పట్టీలు పుష్కరాల్లో ప్రతి పిల్లకూ ఉండాలి. పిల్లలకే కాదు, మతిమరుపు ఉన్న పెద్దలకూ, మాట రాని యువతీయువకులకూ ఉండాలి. తప్పిపోయినవారి కేంద్రంలో మైకు పక్కన సైగల భాష తెలిసిన ఒక మనిషి, బొమ్మల అట్ట ఒకటి ఉండాలి. నది, గుడి, స్టేషను, చెరకు, బస్సు, ఆవు, తాతయ్య బొమ్మలున్న అట్ట. వేలు పెట్టి చూపమంటే పిల్ల చూపుతుంది. ఇందుకయ్యే ఖర్చు ఏర్పాట్ల మొత్తంలో లెక్కలోకి కూడా రాదు.

ప్రభుత్వం చేసేలోగా ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. మాట రాని బిడ్డ ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ఆ బిడ్డకు తన పేరు, ఊరి పేరు, ఫోను నంబరు రాయడం నేర్పాలి. రాయలేకపోతే చేతికి కట్టిన పట్టీని చూపించడం నేర్పాలి. ఏడాదికోసారి కొత్త ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆధార్ నవీకరణ వాయిదా వేయకూడదు. ఇంట్లో వాడే సైగలను ఫోనులో చిన్న వీడియోగా తీసి ఉంచాలి. తప్పిపోయిన రోజున పోలీసులకు ఫొటోతో పాటు ఆ వీడియో ఇస్తే, ఆ బిడ్డను ఎలా పలకరించాలో వాళ్లకు తెలుస్తుంది. బిడ్డ తప్పిపోతే మర్నాటి దాకా ఆగి చూద్దామని కూర్చోకుండా వెంటనే ఫిర్యాదు చేయాలి. దారిలో ఒంటరిగా కనిపించిన పిల్ల గురించి మనలో ఎవరమైనా పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు.

వీటన్నిటికన్నా ముందు కావలసినది మన చూపులో మార్పు. ఎదుటి మనిషికి మాట రాదంటే చెప్పడానికి ఏమీ లేదని కాదు. మనం అడిగే పద్ధతి వాళ్లకు సరిపోలేదని అర్థం. గీతను పెంచిన తల్లి ఆ పిల్ల దండం పెట్టడం చూసి ఆమె ఎవరో కొంత తెలుసుకుంది. ఇండోర్ మిత్రులు ఆమె చేతులు చూసి మిగతాది తెలుసుకున్నారు. ఇద్దరూ చేసింది ఒకటే, తీరిగ్గా చూడటం. ఆ తీరిక లాహోర్‌లో ఆమె దొరికిన నాడే మరొకరికి ఉండి ఉంటే తండ్రి బతికుండగానే గీత ఇల్లు చేరేదేమో. ఇప్పుడు ఏదో ఒక సంరక్షణ కేంద్రంలో కిటికీ పక్కన కూర్చున్న ఇంకో పిల్ల విషయంలో ఆ ఆలస్యం జరగకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది. ఆ పిల్ల చెప్పడానికి సిద్ధంగా ఉంది. వినడం నేర్చుకోవలసింది మనమే.